నూరేళ్ల అనుభవం

లేడిపిల్లను చిరుత చంపింది. అడవి కోర్టులో ఆ నేరం రుజువు చెయ్యడానికి సర్కారు వకీలు కావాలి. ఎంత పెద్ద మృగమొచ్చినా ఎదురెళ్లి అరిచే తీతువు పిట్ట, "నేను వాదిస్తా" అంది.

"నీ వయసెంత? కూర్చో," అని కసిరింది జడ్జి ఎలుగుబంటి. నూరేళ్ల అనుభవముందని తాబేలును పెట్టింది.

విచారణ రోజున చిరుత ఒక్కసారి గుర్రుమంది. అంతే, తాబేలు తల లోపలికి లాక్కుంది. ఎంత పిలిచినా బయటికి తియ్యలేదు. వాదించేవాళ్లు లేరని చిరుతను వదిలేశారు.

తల్లిలేడికి ఒళ్లు మండిపోయింది. "నూరేళ్లు, నూరేళ్లు అన్నారే! అందులో తల బయటపెట్టి బతికిందెన్నాళ్లో అడిగారా జడ్జిగారూ?"

"అలా అంటావేంటమ్మా! ఇప్పుడు దానికి హత్య కేసు నడిపిన అనుభవం కూడా వచ్చింది," అంది ఎలుగుబంటి. "ఇకమీదట చిరుత కేసులన్నీ దానికే ఇస్తాం."