రెండు కామాల ఉద్యోగం

కామా అంటే కాస్త ఆగడమని బడిలో చెప్పారు గానీ, ఈ కాలంలో అదో పెద్ద ఆగడం. ఉత్తర్వులన్నీ ఇంగ్లీషులో యంత్రాలే రాసి, యంత్రాలే అమలు చేస్తాయి. తప్పు మోయడానికి మనిషి కావాలి కాబట్టి, కామాలు మాత్రం ఇంట్లో కూర్చుని విరాజిత పెడుతుంది.

ఆవేళ వచ్చిన ఉత్తర్వు, తెలుగులో చెప్పాలంటే: "కాలువ పక్కన ఉంటున్న అద్దెదారులు ఖాళీ చేయాలి." కామాలు లేకపోతే కాలువ పక్కవాళ్లే పోతారు. 'కాలువ పక్కన ఉంటున్న' అన్నదానికి ఇంగ్లీషులో అటూ ఇటూ కామాలు పడితే, అది షరతు కాకుండా ఉత్త వర్ణన అయిపోయి, ఊళ్లో అద్దెదారులంతా పోవాలి. విరాజిత అద్దెకుండేది కాలువ పక్కనే.

"పెట్టెయ్యవే! ఊరంతా రోడ్డున పడితే ఆ గోలకి ఉత్తర్వే ఆగిపోద్ది," అన్నాడు మొగుడు ఏకాంబరం, వంకాయలు తరుగుతూ.

"ఆగకపోతేనండీ?"

ఏకాంబరం ఇంకో వంకాయ అందుకున్నాడు.

విరాజిత కామాలు పెట్టకుండానే వేలిముద్ర వేసి, అటకమీద ఉన్న ఖాళీ అట్టపెట్టెలు దించమంది.