మూడు మూలల పాఠం

ప్రిన్సిపాల్ కోస్కి వెనక వరుసలో, పిల్లలు కూర్చునే కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో లాప్‌టాప్ తెరిచింది.

మార్లిస్ పాఠం మొదలుపెట్టింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె అమెరికాలోని డులూత్‌లో ఒకటో తరగతి టీచరు. పోయినేడాది ఇలాగే వచ్చి కూర్చుని వెళ్ళాక కోస్కి రాసిన మాటలు ఫైల్లో ఉన్నాయి: ‘టీచరు మరీ ఎక్కువ మాట్లాడుతుంది. పిల్లలు ఆలోచించేలోపే జవాబు తనే చెప్పేస్తుంది.’ ఈసారీ తన పాఠానికి మార్కులు తగ్గితే తరగతి తీసేసుకుంటారు. బడి ఏడాది ముగిసే జూన్ దాకా లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ఇస్తారు. ఆ తర్వాత అదీ ఉండదు.

గోడ మీది ఆకారాల పటాన్ని కోస్కి నిన్ననే తీయించేసింది, పిల్లలు అందులో చూసి చదివేస్తారని. తలుపుకీ, గడియారానికీ, చెత్తబుట్టకీ, కిటికీకీ మార్లిస్ అంటించిన పేరు చీటీలు మాత్రం అలాగే ఉన్నాయి. చదవడం అలవాటవుతుందని కోస్కి వాటి జోలికి పోలేదు.

బయట మంచు పడుతోంది. గుమ్మం దగ్గర పద్దెనిమిది జతల బూట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మార్లిస్ ఒక గుడ్డసంచి ఎత్తి చూపించింది.

“ఇందులో చెయ్యి పెట్టాలి. తొంగి చూడకూడదు. తడిమి చెప్పాలి. ఎవరొస్తారు?”

పద్దెనిమిది చేతులు లేచాయి.

“నువ్వు రా కన్నా.”

హ్యాటీ వచ్చింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి కళ్ళు గట్టిగా మూసుకుంది.

“మూలలు లేవు మిస్. ఎక్కడా గుచ్చుకోవట్లేదు.”

“అయితే?”

“వృత్తం.”

“పిజ్జా,” అన్నాడు ఓటిస్.

“వీడికెప్పుడూ తిండి గోలే,” అంది హ్యాటీ.

పిల్లలు నవ్వారు. మార్లిస్ నవ్వలేదు. హ్యాటీ తీసిన చెక్కబిళ్ళని అందరికీ కనబడేలా పట్టుకుంది.

“అందరూ ఒకసారి అనండి.”

అందరూ అన్నారు.

తర్వాత సోరెన్ వచ్చాడు. బిళ్ళ బయటికి తీస్తూనే చతురస్రం అన్నాడు. ముందు కూర్చున్న నైలా ఒప్పుకోలేదు.

“కాదు, ఒక పక్క పొడుగ్గా ఉంది. తలుపులా. అది దీర్ఘ... దీర్ఘచతురస్రం.”

“ఎవరిది కరెక్టు మిస్?” అన్నాడు సోరెన్.

“మీరే తేల్చండి.”

ఇద్దరూ బిళ్ళని నేలమీద పెట్టి వేళ్ళతో కొలిచారు. రెండుసార్లు కొలిచాక సోరెన్ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. కోస్కి ఏదో టైపు చేసింది.

మార్లిస్‌కి ఆ చప్పుడు వినిపించింది. భయమేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు.

మూడో బిళ్ళని తనే తీసింది. మొన దిగువకి వచ్చేలా తిప్పి పట్టుకుంది.

“ఇది?”

ఎవరూ మాట్లాడలేదు. పోయినేడాది మార్లిస్ అయితే రెండో సెకనులోనే చెప్పేసి ఉండేది. కోస్కి గడియారం వైపు చూసింది. అయిదు. ఆరు. మార్లిస్ మొహం కదలకుండా బిళ్ళ పట్టుకుని నిలబడింది. ఎనిమిది.

“తలకిందులైంది మిస్,” అన్నాడు సోరెన్. “ఇప్పుడది కాదు.”

“ఏది కాదు?”

“త్రిభుజం.”

ఓటిస్ లేచి తివాచీ మీద తల ఆనించి కాళ్ళు పైకెత్తాడు. చొక్కా మొహం మీద పడింది.

“మరి నేను ఇప్పుడు ఓటిస్‌ని కానా?”

“కావు. గబ్బిలానివి,” అంది హ్యాటీ.

“ఓటిస్సే,” అంది నైలా, చాలా సీరియస్‌గా. “అదీ త్రిభుజమే. మూలలు లెక్కపెట్టుకో. ఎటు తిప్పినా మూడే.”

సోరెన్ తల పక్కకి వంచి బిళ్ళ వైపు చూశాడు. ఒకటి, రెండు, మూడు అని పెదాలు కదిపాడు. “సరే, త్రిభుజమే,” అన్నాడు.

“అందరూ అనండి,” అంది మార్లిస్.

అందరూ గట్టిగా అన్నారు. ఓటిస్ తలకిందులుగానే అన్నాడు.

భోజనం గంట కొట్టారు. పిల్లలు వరుసగా వెళ్ళిపోయారు. కోస్కి చిన్న కుర్చీలోంచి కష్టపడి లేచి, నడుం పట్టుకుని ముందుకొచ్చింది.

“మార్లిస్, నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ముప్పై అయిదు నిమిషాల్లో ఒక్క ఆకారం పేరు కూడా మీ నోట రాలేదు. అన్నీ పిల్లల చేతే చెప్పించారు.”

“ఆగాను, అంతే.”

“ఆ ఆగడమే ఎవరికీ చేతకాదు. మీకు పూర్తి మార్కులు వేస్తున్నాను. పై ఏడాదికి తరగతి మీదే, ఇంక దాని గురించి ఆలోచించకండి.” కోస్కి లాప్‌టాప్ మూసింది. “వచ్చే గురువారం మిగతా టీచర్లని కూడా తీసుకొచ్చి వెనక కూర్చోబెడతాను. నోరు కట్టేసుకోవడం ఎలాగో వాళ్ళూ నేర్చుకోవాలి.”

నవ్వుతూ మార్లిస్ భుజం తట్టి వెళ్ళిపోయింది.

సంతోషపడాలని మార్లిస్‌కి తెలుసు. సంతోషం వస్తుందేమోనని చూసుకుంది. ఏమీ అనిపించలేదు.

చేతిలో ఇంకా ఉండిపోయిన మూడు మూలల బిళ్ళని అటూ ఇటూ తిప్పింది. ఇరవై ఆరేళ్ళు తను నేర్పిన దాని పేరు, ఇప్పుడే పద్దెనిమిది మంది పిల్లలు గట్టిగా అరిచి చెప్పిన పేరు, అప్పుడే మళ్ళీ ఆమె తలలోంచి పోయింది.