పేలని తుపాకికి లైసెన్సు

“ఇంతకీ ఇది పేలుతుందా, పేలదా?” హెడ్ క్లర్కు బెంగాలీలో అరిచి, బల్ల మీద ఒక్కటి చరిచాడు.

“పేల్తాది బాబూ,” అన్నాడు గవరయ్య.

“పేలదు దాదా,” అన్నాడు పక్కనే నిలబడ్డ అల్లుడు సోములు.

రెండు మాటలూ ఒక్కసారే పడ్డాయి. బల్ల మీద పాత చీరలో చుట్టిన తుపాకి ఉంది. గొట్టం ముందునుంచి మందు కూరే రకం. గవరయ్య తండ్రికి ఎవరో తెల్లదొర ఓడెక్కి పోతూ ఇచ్చిపోయాడు. దాని పక్కన లైసెన్సు పుస్తకం. పుస్తకానికి గడువు ఆ రోజుతో సరి. రెండింటికి యూనియన్ ఊరేగింపు ఉందని ఆఫీసులో సగం కుర్చీలు అప్పుడే ఖాళీ అయిపోయాయి. హెడ్ క్లర్కు కూడా గడియారం వంకే చూస్తున్నాడు.

సోములుకి ఒళ్ళు మండిపోతోంది. ఈ పని కోసం లిలువా రైలు వర్క్‌షాపులో సెలవు పెట్టడం ఇది ఐదోసారి. మొదటిసారి ఫొటోలు చిన్నవన్నారు. రెండోసారి స్టాంపు చాల్లేదన్నారు. మూడోసారి సంతకం పెట్టే బాబు రాలేదు. నాలుగోసారి బాబు వచ్చాడుగాని బీరువా తాళం రాలేదు. పొద్దున్న బస్సులో ఆ చీరమూటని నిలబెట్టి పట్టుకుంటే, కండక్టరు దానిక్కూడా టిక్కెట్టు అడిగాడు. ఇదంతా మూడేళ్ళకోసారి తప్పని తద్దినం. అది చాలక, ఓట్లొచ్చినప్పుడల్లా తుపాకిని ఠాణాకి మోసుకెళ్ళి అప్పజెప్పాలి, ఓట్లయ్యాక బతిమాలి తెచ్చుకోవాలి. “మా నాన్న వెంట మీరెళ్ళకపోతే ఎవరెళ్తారు?” అని పెళ్ళాం సుందరి ఒక్క మాట అనేసి ఊరుకుంటుంది. మోసేది సోములు.

“ఇదిగో, మా తుపాకుల మిస్త్రీ పరీక్ష చేసి రాసిచ్చాడు,” అని హెడ్ క్లర్కు కాగితం చదివాడు. “గొట్టంలో తుప్పు గడ్డకట్టింది. మీట కదలదు. బాగుచేసినా పేలదు. విన్నావా? ఇక ఇది తుపాకి కాదు, ఇనపగొట్టం. చట్టం ప్రకారం దీనికి లైసెన్సే అక్కర్లేదు. పుస్తకం రద్దు చేసి మా దగ్గర జమ చేసుకుంటాను. గొట్టాన్ని తీసుకెళ్ళి గోడకి తగిలించుకుంటావో, బట్టలే ఆరేసుకుంటావో నీ ఇష్టం.”

సోములుకి ప్రాణం లేచివచ్చింది. “ఇన్నావా మామా? తిరుగుడు వదిలింది! ఏలిముద్రెయ్యి, ఎలిపోదాం.”

గవరయ్య పుస్తకం మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టాడు. “నానొప్పను. మీ మిస్త్రీకి సేతకాలేదు బాబూ. ఇది పేల్తాది.”

“నువ్వు చూశావా?”

“సూడ్డమేటి? పోయిన కాళీపూజకి నానే పేల్చినాను.”

సోములు మామ భుజం పట్టి గుంజాడు. “మామా! నోరు ముయ్యి!”

హెడ్ క్లర్కు కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఎవరి మీద?”

“కాకి మీద.”

“చచ్చిందా?”

గవరయ్య కాసేపు ఆలోచించాడు. “లేదు బాబూ. గడుసుది. ఎగిరిపోనాది.”

“నమ్మకండి దాదా! ఆ పూట ఈయన మా ఇంట్లోనే ఉన్నాడు. వీధిలో టపాకాయ పేలితే మంచం కింద దూరే మనిషి!” అని సోములు దండం పెట్టి, తెలుగులోకి దిగి మామ మీద విరుచుకుపడ్డాడు. “నీకేటి తిక్కా? లైసెన్సు లేకుండా తుపాకి దొరికితే చాలని జనం సచ్చిపోతన్నారు. నీకు ఊరికే వదిలేస్తానంటే ఏడుపేటి?”

“తుపాకి నాకెందుకు అల్లుడా? ఈ బాబునే ఉంచుకోమను. నాకు పుస్తకం ఇప్పించు.”

ఆ మాట బెంగాలీలో చెప్పడానికి సోములు రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకున్నాడు. చివరికి గవరయ్యే చెప్పుకున్నాడు.

హెడ్ క్లర్కు తల పట్టుకున్నాడు. “తుపాకి లేని లైసెన్సు ఏం చేసుకుంటావయ్యా?”

గవరయ్య మొదటి పేజీ తెరిచి, తన ఫొటో కింద వేలు పెట్టాడు. “బియ్యం కార్డుకెళ్తే రేవు ఎనకాల మా గుడిసెలు పటంలో లేవన్నారు. ఓటుకెళ్తే ఇంటికి నంబరు లేదన్నారు. ఈ తుపాకికి మాత్రం ఠాణా దారోగాబాబు మూడేళ్ళకోసారి మా గుమ్మం కాడికొచ్చి, కళ్ళారా సూసి, ‘గవరయ్య ఇక్కడే ఉంటన్నాడు’ అని రాసెల్తాడు. సోమారం గుడిసెలు పీకేస్తారంట. ఫలానా సోట ఉంటన్నామని సర్కారు కాయితం సూపించినోడికే వేరే జాగా ఇస్తారంట బాబూ.”

సోములు మామ వంక తిరిగాడు. ఈ సంగతి మామ తనకీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు.

హెడ్ క్లర్కు కూడా ఒక్క క్షణం మెత్తబడినట్టే కనిపించాడు. అంతలో కింద వీధిలో నినాదాలు మొదలయ్యాయి. ఆయన గబుక్కున లేచి, పుస్తకం పట్టుకు లాగాడు. గవరయ్య వదల్లేదు. ఇటొక లాగు, అటొక లాగు.

“వదులు! సర్కారు పనికి అడ్డొస్తున్నావు! ఇంకొక్క మాటన్నావంటే పోలీసుల్ని పిలిచి నీ మీద కేసు రాయిస్తాను!”

గవరయ్య టక్కున పుస్తకం వదిలేశాడు. మొహం చాటంత చేసుకుని, రెండు చేతులూ జోడించాడు.

“రాయించండి బాబూ, మీ కడుపు సల్లగుండ! కేసు కాయితంలో ముద్దాయి ఎక్కడుంటాడో రాస్తారు కదా?”