గేరు మారే ముందు

టక్కుమని మళ్ళీ వినిపించింది. గొర్రెల మంద రోడ్డు దాటేదాకా ఆగి, కారును ముందుకు కదిలిస్తుండగా వచ్చిందా చప్పుడు. హేమావతి వెంటనే బ్రేకు వేసి చెవులు రిక్కించింది. ఇంజను మామూలుగానే ఉంది. వెనక లారీ హారన్ మోగేసరికి చేసేది లేక కదిలింది.

“నాయనా, నీకు వినపడిందా?”

పక్క సీట్లో ఉన్న లింగప్ప రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

“నాకేం వినపల్యా,” అన్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మాట ముద్దగా, తక్కువగా వస్తోంది.

ఆ కారు కొన్నది ఆయన కోసమే. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక నల్లమాడ నుంచి కదిరికి ఫిజియోథెరపీకని మొదట బస్సులోనే తీసుకుపోయింది. ఏళ్ళ తరబడి అదే దారిలో బస్సు నడిపిన మనిషి. ఇద్దరు పట్టుకుని మెట్లెక్కిస్తుంటే, డ్రైవరు గుర్తుపట్టి ‘అన్నా’ అని పలకరించినా తల ఎత్తేవాడు కాదు. అది చూడలేక హేమావతి నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. క్లచ్చు తొక్కుతూ గేర్లు మార్చడం తనవల్ల కాలేదు. చివరికి అవేవీ అక్కర్లేని ఆటోమేటిక్ కారు, ఎవరో వాడినది, వెతికి కొనుక్కుంది.

కారు వచ్చింది గానీ కాలు రాలేదు. పోయినసారి ఫిజియోథెరపీ డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, మంచం మీద ఎంత చేయించినా కాలిలో చలనం కనబడడం లేదని, ఇంకొన్నాళ్ళు చూసి ఆపేద్దామని చెప్పాడు. ఆ మాట లింగప్ప చెవిన కూడా పడినట్టుంది. ఇంటికి వచ్చాక, ఇంక తిరిగింది చాలు, నీ పని నువ్వు చూసుకోమన్నాడు.

దానికి తోడు ఈ చప్పుడు. నున్నటి రోడ్డు మీద సాఫీగా పోతున్నంతసేపూ రాదు. స్పీడు బ్రేకరు దగ్గరో, వేరుశనగ కట్టెల ట్రాక్టరు వెనక పడినప్పుడో, మలుపులోనో, కారు నెమ్మదించి మళ్ళీ ఊపందుకునేటప్పుడు వస్తుంది. గేరు తనంతట తాను మారడానికి సరిగ్గా ఒక్క క్షణం ముందు. మొదట్లో ఉందా లేదా అన్నట్టుండేది. వారం వారం గట్టిపడుతోంది.

అనంతపురంలో ఒక వర్క్‌షాపుకు ఫోన్ చేసి అడిగితే, గేరుబాక్సు విప్పి చూడాలి, కారు చాలా రోజులు వదిలిపెట్టి పోవాలన్నారు. అన్నాళ్ళు కదిరికి వెళ్ళకపోతే నాయన మళ్ళీ కారెక్కడు.

చివరికి కారును నల్లమాడలోని మెకానిక్ ఎర్రిస్వామి దగ్గరికి తీసుకుపోయింది. అతను కిందికి దూరి చూశాడు, ఇంజను బిగింపులు ఊపి చూశాడు. ఒక్కడే కదిరి రోడ్డులో చాలా దూరం తిప్పుకొచ్చి, ఏ చప్పుడూ లేదన్నాడు. హేమావతి పక్కన కూర్చుని మళ్ళీ తిప్పించింది. ఎన్ని స్పీడు బ్రేకర్లు దాటినా కారు నోరు మెదపలేదు.

“నా చెవులకే ఏమన్నా అయిందేమో అన్నా,” అంది దిగులుగా.

మరుసటి వారం నాయనతో కదిరికి పోయే దారిలో చప్పుడు వస్తుంటే ఫోనులో రికార్డు చేసి వినిపించింది. ఎర్రిస్వామి రెండు మూడుసార్లు విని తల గోక్కున్నాడు. గేరుబాక్సు చప్పుడు ఇట్లుండదన్నాడు. అలాగని ఇంకేదో చెప్పలేకపోయాడు. పక్క సీట్లో బరువు ఎక్కువైతే వస్తుందేమోనని వేరుశనగ కాయల మూటను సీటులో పెట్టి, బెల్టు కూడా వేసి తిప్పాడు. మూట కూర్చున్నట్టే కూర్చుంది. చప్పుడు రాలేదు.

“పెద్దాయన ఎక్కితేనే వస్తాంది అంటాండావు కదమ్మా. ఈతూరి ఆయన్నే కూర్చోబెట్టు. నేను తోల్తా. నువ్వు ఎనక కూర్చోని ఇను,” అన్నాడు.

లింగప్ప రానన్నాడు. ఇదే ఆఖరుసారి, కారు కోసమైనా రమ్మని హేమావతి బతిమాలింది. చివరికి ఆయన లేపమన్నట్టు కుడిచెయ్యి చాపాడు.

చప్పుడు బాగా వినపడాలని ఎర్రిస్వామి ఏసీ ఆపి అద్దాలు ఎత్తాడు. ఎండకు కారు లోపల పొయ్యిలా ఉంది. ఎప్పుడూ ఏసీ చలికి తండ్రి కాళ్ళ మీద కప్పే దుప్పటిని హేమావతి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. నల్లమాడ దాటాక ట్రాక్టరు ఒకటి అడ్డం వచ్చింది. ఎర్రిస్వామి వేగం తగ్గించి, పక్కకు తీసి ముందుకు పోనిచ్చాడు.

టక్.

“వినపడిందా అన్నా?”

“వినపడింది. బండికి ఏ రోగమూ లేదమ్మా. సౌండు లోపల్నుంచే వస్తాండాది. పక్క సీటు కింద యాడో. చూడు.”

హేమావతి రెండు సీట్ల మధ్యలోంచి ముందుకు వంగింది. లింగప్ప ఆమెను గమనించలేదు. వీపు నిటారుగా పెట్టి, రెప్ప వాల్చకుండా రోడ్డునే చూస్తున్నాడు. డ్యూటీలో ఉన్నప్పుడు ఆ ముఖం అలాగే ఉండేది. ఎదురుగా స్పీడు బ్రేకరు. ఎర్రిస్వామి బ్రేకు వేశాడు. ఇంజను చప్పుడు తగ్గింది. కారు మెల్లగా బ్రేకరు ఎక్కి దిగింది.

లింగప్ప ఎడమ కాలు, ఆ కారులో లేని క్లచ్చును టక్కుమని తొక్కింది.