మాస్టర్ పాలిష్

“కారుకి పాలిష్ పెట్టమన్నానా, పీచు పెట్టి తోమమన్నానా?”

టీచరమ్మ తాళాలగుత్తిని కౌంటరు మీద విసిరికొట్టింది. బయట ఎండలో ఆమె నల్ల కారు నిలబడి ఉంది. పొద్దున తీసుకెళ్లిన కారు మధ్యాహ్నం కాకముందే వెనక్కి వచ్చేసింది.

మాస్టర్ గుండెల్లో రాయి పడింది. కారు తిరిగొచ్చినందుకు కాదు, ఆ తద్దినం అతనికి అలవాటే. సరిగ్గా అప్పుడే లోపల సోఫాలో ఒక పెద్దమనిషి కూర్చుని టీ తాగుతున్నాడు. ఏదో పెద్ద కంపెనీ యజమాని. కంపెనీ కార్లన్నీ ఒకచోటే మెరుగు పెట్టించాలనుకుంటున్నామని, ముందు పనితనం చూస్తానని వచ్చాడు. ఈ బేరం కూడా తప్పిపోతే షాపు మూసేసి మామగారి కిరాణా కొట్లో పొట్లాలు కట్టుకోమని భార్య నిన్ననే తేల్చి చెప్పేసింది.

మాస్టర్ అన్న బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు. బోర్డు రాయించుకున్నప్పుడు తనే ఇచ్చుకున్నాడు. ‘దేశంలోనే నంబర్ వన్’ అన్న ముక్క కూడా అప్పుడే చేర్చుకున్నాడు. ఆ బోర్డు కిందే ఇప్పుడు చేతులు కట్టుకుని, చిరునవ్వుతో నిలబడ్డాడు.

“ముందు కూర్చోండి మేడమ్. ఏమైంది?”

“ఏమైందా? ఎండలో పెట్టగానే బానెట్ నిండా గుండ్రటి గీతలు! సాలెగూడు అల్లినట్టుంది.”

నిజానికి పాలిష్ మిషను పట్టింది మాస్టర్ బావమరిది. టీచరమ్మ గొంతు వినగానే అతను నీళ్ల డ్రమ్ము వెనక్కి జారుకున్నాడు.

“అయ్యో, గీతలంటారేంటి మేడమ్!” మాస్టర్ నొచ్చుకున్నాడు. “అవి మెరుగు దిగే దారులు. ఎండ తగిలేకొద్దీ పాలిష్ వాటిల్లోకి ఇంకుతుంది. ఇలా గుండ్రంగా రావాలంటే చేతికి ఎంత సాధన ఉండాలో తెలుసా?”

డ్రమ్ము వెనక బావమరిది తన చేతివంక ఒకసారి చూసుకున్నాడు.

టీచరమ్మ మాస్టర్‌ని కారు దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించింది. “మరి ఈ సందుల్లో తెల్లగా ఈ పిండేంటి?”

“మైనం. కావాలనే వదిలాం. వానాకాలం నీళ్లు సందుల్లోకి పోకుండా కాపలా కాస్తుంది.”

“నా చెవిలో పూలు కనిపిస్తున్నాయా మీకు? తలుపుల మీద ఈ నల్ల చుక్కలు చూడండి. టైర్లకి పూసిన పాలిషంతా కారు కదలగానే చింది పడింది.”

“చిందుతుంది మేడమ్! ఎందుకు చిందదు?” మాస్టర్ గొంతు పెంచాడు, లోపలికి కూడా వినపడాలని. “దండిగా పెట్టాం కాబట్టి చిందింది. వేరే షాపుకి వెళ్లి చేయించండి, ఒక్క చుక్క చిందితే నన్నడగండి. అసలు పెడితే కదా చిందడానికి!”

టీచరమ్మ సీట్ల సంగతి గుర్తొచ్చి మళ్లీ అందుకుంది.

“సీట్లు తడితడిగా ఉన్నాయి. కూర్చుంటే చీర తడిసిపోయింది. పైగా ఒకటే ముక్కిన వాసన!”

“ఆ వాసన మాది కాదు మేడమ్, మీదే. ఇన్నాళ్లూ సీటు అడుగున దాక్కుంది. మేం లోతుగా కడిగేసరికి బయటికొస్తోంది. ఇంతకాలం మీ పిల్లలు పీల్చింది అదే.”

ఆ మాటతో టీచరమ్మ మొహం మారిపోయింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. గీతల మీద వేలితో మెల్లగా రాసింది, ఈసారి కాస్త గౌరవంగా.

“అయితే ఇదంతా ఇంకిపోతుందంటారా?”

“మీరు కంగారుపడి తుడిచేయకపోతే చాలు.”

“అనవసరంగా కేకలేశాను, ఏమీ అనుకోకండి. మా చెల్లెలి కారు కూడా పంపిస్తాను.”

తాళాలు తీసుకుని, సీటు మీద తువ్వాలులాంటిదేదో పరుచుకుని ఆమె వెళ్లిపోయింది. మాస్టర్ కాలరు సర్దుకుని వెనక్కి తిరిగాడు. పెద్దమనిషి టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చాలాసేపటి నుంచీ అక్కడే ఉన్నాడని ఖాళీ గ్లాసు చూస్తే తెలుస్తోంది.

“చూశారుగా సార్ మా పని!”

“చూశాను,” అన్నాడు పెద్దమనిషి తాపీగా. “ఇసుక పడ్డ ప్యాడుతో మిషను తిప్పితే పడ్డ గీతలవి. మైనం తుడవడం మర్చిపోయారు. సీట్లు ఆరకుండానే కారు ఇచ్చేశారు.”

మాస్టర్‌కి కిరాణా కొట్టు, మామగారి తక్కెడ కళ్లముందు కదిలాయి. ఇక దాచి లాభం లేదని తల దించుకున్నాడు.

“సరే, ఒక్క మాట అడుగుతాను చెప్పండి,” అన్నాడు పెద్దమనిషి. “కొత్త ఇల్లు. గోడంతా అప్పుడే చెమ్మెక్కింది. దాన్నేమంటారు?”

ఎందుకడుగుతున్నాడో మాస్టర్‌కి అర్థం కాలేదు. కానీ ప్రశ్న వినపడితే నోరు ఊరుకోదు కదా.

“చెమ్మ కాదు సార్, చల్లదనం. ఎండాకాలం ఏసీ పెట్టుకునే పని తప్పినట్టే.”

“గచ్చు పగుళ్లిస్తే?”

“ఇల్లు సర్దుకుని కూర్చుంటోంది సార్. కదలకుండా నిలబడిపోయే ఇళ్లకే గ్యారంటీ ఉండదు.”

పెద్దమనిషి గ్లాసు కౌంటరు మీద పెట్టి, మాస్టర్ చెయ్యి రెండు చేతులతో అందుకున్నాడు. ఇన్నాళ్లకి మనిషి దొరికాడన్న సంతోషం అతని మొహంలో దాగలేదు.

“రేపే వచ్చి చేరిపోండి. కార్లు మా డ్రైవర్లు కడుక్కుంటారు గానీ, మా ఫ్లాట్లు కొన్నవాళ్లకి తాళాలిచ్చేటప్పుడు మీరు పక్కన ఉండాలి.”