కడుపు చప్పుడు

"ఆపండి. మళ్ళీ వచ్చింది," అన్నాడు అద్దం అవతల నుంచి సౌండు ఇంజనీరు.

మైకు ముందు నిలబడ్డ డబ్బింగ్ అమ్మాయి బిక్కచచ్చిపోయింది. గొంతు బాగుంటుందని స్టూడియోలో అందరూ ఆమెను చిలక అంటారు. తెర మీద హీరోయిన్ హీరో చెవిలో గుసగుసలాడుతోంది. ఆ గుసగుస మధ్యలో బల్ల ఈడ్చినట్టు గుర్రుమని కడుపు చప్పుడు.

ఇన్నాళ్ళూ చిలకను గుంపులో కేకలకీ, పసిపిల్లల ఏడుపులకీ పిలిచేవాళ్ళు. హీరోయిన్‌కి గొంతివ్వడం ఇదే మొదలు. పక్కనే స్టూలు మీద కూర్చుని, టీ మీద టీ తాగుతూ, చేతులూపుతూ నేర్పే డైరెక్టరుగారు విసుక్కున్నారు. ఒక్క వారం చూస్తాననీ, అప్పటికీ ఈ కచేరీ ఆగకపోతే వేరే గొంతు వెతుక్కుంటాననీ తేల్చి చెప్పేశారు.

చిలకకు తిన్నది ఒక పట్టాన అరగదు, ఎప్పుడూ పొట్ట ఉబ్బరమే. సంగతి వినగానే అత్తగారు కొంగు నడుముకి బిగించారు. కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులు కరువైతే ఇలాగే గోల చేస్తుందనీ, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తింటే దారికొస్తుందనీ ఆవిడ నమ్మకం. పాలు చిక్కగా కాచారు. చిటికెన వేలు ముంచి, వేడి సరిపోయిందనుకున్నాక చెంచాడు తోడు కలిపారు. గిన్నెకి కొడుకు స్వెట్టరు చుట్టి బట్టల బీరువాలో పెట్టి, తలుపు తీస్తే ఊరుకోనన్నారు. పాపం, ఆ కొడుకు నిన్నటి చొక్కాతోనే ఆఫీసుకి వెళ్ళాడు.

మూత తీసేసరికి గిన్నె వంచినా కదలనంత గట్టిగా తోడుకుంది. అత్తాకోడళ్ళు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నారు. రోజూ అదే పెరుగు. వారం తిరిగేసరికి చిలక పొట్ట దూదిలా తేలికైంది. అత్తగారు కోడలి కడుపుకి చెవి ఆనించి, చడీ చప్పుడూ లేదని తేల్చారు. ఆ సంబరం ఆపుకోలేక పెరుగు డబ్బా పట్టుకుని తనూ స్టూడియోకి బయల్దేరారు.

మైకు ముందు చిలక గుసగుస తేనెలా జారింది. ఇంకొక్క మాట మిగిలిందనగా, గుర్రుమంది.

చిలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనదేనేమోనని తనకే అనుమానం వచ్చింది.

"అది మా కోడలి కడుపు కాదు," అన్నారు అద్దం అవతల కూర్చున్న అత్తగారు.

"మైకు అబద్ధం చెప్పదు కదండీ," అన్నాడు ఇంజనీరు.

అత్తగారు విసవిసా లోపలికి వెళ్ళి, కోడలి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, తలుపు మూసేశారు.

"ఇప్పుడు రికార్డు చెయ్యి నాయనా."

అతను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మైకు ముందు ఎవరూ లేరు. అత్తాకోడళ్ళు ఊపిరి బిగబట్టారు.

స్పీకర్లో గుర్రుమంది, ఈసారి ఇంకా గట్టిగా.

లోపల స్టూలు మీద డైరెక్టరుగారు చేతిలోని టీ కప్పును మెల్లగా కింద పెట్టి, మైకు దగ్గరికి వంగారు.

"పిన్నిగారూ, ఆ డబ్బాలో తోడుకి ఒక చెంచాడు మిగులుతుందాండీ?"