నొప్పికీ నొప్పికీ మధ్య

“‘గుక్కెడు నీళ్ళు తాగేంతసేపు’ అట! ఇదొక టైమా? మనుషులేనా వీళ్ళు?” టీమ్ లీడర్ స్క్రీన్‌ని వేలితో టకటకా పొడిచాడు.

“పాపం నొప్పులు పడుతూ రాస్తున్నారు సార్,” అంది పక్క సీట్లోని టెస్టరమ్మాయి.

వాళ్ళు తయారుచేస్తున్న ప్రోగ్రాం గర్భిణుల కోసం. నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతసేపు పడుతోందో వాళ్ళు తమ మాటల్లో రాస్తే, అది నిమిషాల్లోకి మారుస్తుంది. వ్యవధి మరీ తగ్గితే అంబులెన్సు దానంతటదే బయల్దేరుతుంది. ఆఫీసు వాళ్ళ ఇళ్ళలో నెలలు నిండినవాళ్ళు ఆ పొద్దుటి నుంచే వాడి చూస్తున్నారు. పేర్లు కనపడవు, రాసిన మాటలే స్క్రీన్ మీదికి వస్తాయి.

“అర్థంకాని మాటొస్తే అర్జెంటనుకుని అంబులెన్సు పంపేద్దాం సార్. ఆ ఒక్క లైను ఉండనివ్వండి.”

“అంబులెన్సులేమన్నా మీ తాతగారు కొనిచ్చారా, ఊరికే తిప్పడానికి? ‘అంకె వేసి రాయండి’ అని వెనక్కి కొట్టు. చచ్చినట్టు రాస్తారు.”

అక్కడితో ఆగాడా మహానుభావుడు? కీబోర్డు లాక్కుని ఆ లైను తనే పీకిపారేశాడు. ఈయనకు అర్థంకాని మాట లోకంలోనే లేనట్టు! బల్ల మీద ఫోను గుర్రుమంటే చూడకుండానే బోర్లించి పెట్టాడు. కాసేపటికి అది మళ్ళీ గుర్రుమంది. “ఛీ, పని చేసుకోనివ్వరు,” అని విసుక్కున్నాడు.

అంతలో స్క్రీన్ మీదికి కొత్త మాట వచ్చింది. చదివి పగలబడి నవ్వాడు.

“ఇది విను. ‘మా ఆయనకి రెండుసార్లు ఫోన్ చేసేలోపే మళ్ళీ వచ్చేసింది’ అట! మొగుడు ఫోనెత్తకపోవడం కూడా ఒక కొలతేనా? ఇలాంటి తెలివితక్కువదానితో వేగలేకే ఎత్తి ఉండడు పాపం.”

ప్రోగ్రాం ఆమెకు ‘అంకె వేసి రాయండి’ అని జవాబిచ్చింది. అది చూసి ఆయన భేష్ అన్నాడు.

టెస్టరమ్మాయి నవ్వలేదు. ఆమె కళ్ళు బోర్లించిన ఫోను మీదే ఉన్నాయి. అది ఇంకోసారి గుర్రుమంది.

“సార్, ముందు అది చూడండి,” అంది.

విసుగ్గా తిప్పి చూశాడు. రెండు మిస్డ్ కాల్స్. వాటి కింద భార్య మెసేజ్.

‘మీ ప్రోగ్రాం అంకె వేయమంటోందండీ. ఏం వేయను?’